కివా వేలికి రెండు కొలతలు

పట్టుబట్టల కొట్టు పెద్దగుమాస్తా ఒకుదా నోరు మూతపడటం హిసా కళ్లారా చూసింది. చూసినవాళ్లు ఇంకో పదిమంది ఉన్నారు కానీ, హిసా చూసినట్టు వాళ్లెవరూ చూసి ఉండరు. ఎందుకంటే ఆ తగువులో అసలు దోషి తనే.

కొట్టు మధ్యలో చాప మీద బూడిదరంగు పట్టు కిమోనో ఒకటి పరిచి ఉంది. దానికి అటు ఒకుదా, ఇటు ఆ కొట్టుకు కిమోనోలు కుట్టిపెట్టే కివా. ఇద్దరూ మోకాళ్లు మడిచి పద్ధతిగానే కూర్చున్నారు, మాటల్లో మన్ననకీ లోటు లేదు, మనం 'గారు' అన్నట్టు పేరు చివర 'సాన్' చేర్చే పిలుచుకుంటున్నారు. కానీ ఇద్దరి మధ్యా గాలిలో సూది గుచ్చితే నిలబడేలా ఉంది.

"డాక్టరుగారి భార్య తిప్పి పంపేశారు కివాసాన్," అన్నాడు ఒకుదా, టీ తాగుతున్న బేరగాళ్లందరికీ వినబడేలా. "ఎడమ చేతి కుట్టు వంకరట. తొడుక్కుంటే చెయ్యి మెలితిరిగినట్టు కనబడుతోందట. మీకు అరవై ఆరేళ్లొచ్చాయి. కళ్లు ఆనకపోతే ఆనడం లేదని చెప్పాలి గానీ, మా కొట్టు పేరు తీసుకెళ్లి బురదలో ముంచితే ఎలా?"

గోడవారగా చిన్నాచితకా కుట్లు వేసే పిల్లలు నలుగురు కూర్చున్నారు. మూడోది హిసా. పందొమ్మిదేళ్లది.  ఆ ఎడమ చెయ్యి విప్పి మళ్లీ కుట్టింది తనే! డాక్టరుగారి భార్య చేతులు రెండు వేళ్ల మేర పొట్టి చేయమంటే, కుడిచెయ్యి కివా దగ్గరే సరిచేయించి, ఎడమది మర్చిపోయి, చివరి నిమిషంలో హిసా ఒళ్లో పడేసింది ఒకుదాయే. ఇప్పుడు ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు. గుర్తు లేదో, గుర్తు తెచ్చుకోవడం ఇష్టం లేదో.

కివా కిమోనో ఎడమ చేతిని లోపలి వైపుకు తిరగేసి, కళ్లు మూసుకుని, బొటనవేలు గోటి పక్క కండతో కుట్టు వెంట మెల్లగా పోనిచ్చింది. కళ్లు తెరిచింది.

"ఒళ్లు నాది. కుడి చెయ్యి నాది. ఎడమ చెయ్యి నాది కాదు."

"భలే! సంతకం పెట్టారా ఏమిటి?"

"సంతకం పెట్టడం నాకు రాదు ఒకుదాసాన్. అది రాలేదు కాబట్టే కుట్టు చదవడం నేర్చుకున్నాను. మీకు కాగితం చదవడం వచ్చింది కాబట్టి ఇది రాలేదు."

బేరగాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. కివా ఆగలేదు. "ఇదిగో, ఇక్కడ వేలు పెట్టండి. పెట్టండి, కరవదు. ఏడు కుట్లు బియ్యపు గింజలు పేర్చినట్టున్నాయా? ఎనిమిదోది పొడవు. తొమ్మిదోది పక్కకు వాలిపోయింది. మళ్లీ ఏడు బాగున్నాయి. మళ్లీ ఎనిమిదోది పొడవు. చెయ్యి చెడ్డదైతే అన్నీ చెడతాయి. లెక్కగట్టినట్టు ఎనిమిదోదే చెడిందంటే చెడ్డది చెయ్యి కాదు, వేలితొడుగు. వదులుగా ఉంది. ఏడు కుట్లకల్లా గిర్రున తిరిగిపోతుంది, సూది తల దాని మీద నుంచి జారుతుంది, పిల్ల సర్దుకుని మళ్లీ మొదలెడుతుంది. ఏవీ, మీ పిల్లల తొడుగులన్నీ ఒక పళ్లెంలో వేసి పట్టుకురమ్మనండి."

నలుగురూ తమ తోలు తొడుగులు తీసి పళ్లెంలో పెట్టారు. మనం కుట్టేటప్పుడు వేలి కొసకు పెట్టుకునే టోపీలాంటివి కావవి, ఉంగరాల్లాంటివి. నడిమివేలికి పై కణుపు దాటించి పెట్టుకుంటారు, సూది తలను దాని మీద ఆనించి తోస్తారు. హిసా పెట్టేటప్పుడు పళ్లెం టకటకా మోగింది. కివా ఆ నాలుగు తొడుగుల్ని ఒకదాని మీద ఒకటి నిలబెట్టింది. వెదురు గొట్టం కోసి పెట్టినట్టు నాలుగూ ఒకే కొలత! గోడవారగా కూర్చున్న పిల్లల వైపు చూసింది. ఒకతె వేళ్లు ముల్లంగి దుంపలు, ఇంకొకతెవి చాప్‌స్టిక్కులు.

"ఈ నలుగురినీ ఒకే అచ్చులో పోయించారా? ఎవరు కొలిచారివి?"

"నేనే," అన్నాడు ఒకుదా. గొంతు కాస్త తగ్గింది. "పరాయి మగాణ్ణి, ఆడపిల్లల వేళ్లు పట్టుకుని కొలుస్తానా? నా చిటికెనవేలు ఆడవాళ్ల నడిమివేలికి సరిపోతుంది. నాకు ముందున్న పెద్దగుమాస్తా కూడా అలాగే…"

"అమ్మ బాబోయ్! అయితే ఈ కొట్టులో ఇన్నాళ్లూ కుడుతున్నది మీ చిటికెనవేలన్నమాట!"

ఇంకేముంది, కొట్టు కొట్టంతా ఘొల్లుమంది. ఒకావిడ చేతిలో టీ ఒలికిపోయింది. లోపలి గది తలుపు పక్కకు జరిగింది. కొట్టు యజమానురాలు గుమ్మంలోకి వచ్చి, "ఒకుదా, కివాసాన్‌కి క్షమాపణ చెప్పు," అంది, అంతే. ఒకుదా నుదురు చాపకు తాకింది.

ఆ కుట్టు వేసిన పిల్ల ఎవరని మాత్రం కివా అడగలేదు.

ఒకుదా తల పైకెత్తేసరికి చెవులు రెండూ ఎర్రబడి ఉన్నాయి. అలమర లోంచి కాగితంలో చుట్టిన బట్ట తీశాడు. నల్లని పట్టు, కాకి రెక్క మెరిసినట్టు మెరుస్తోంది, అయిదు చోట్ల తెల్లని ఇంటిముద్రలు. పెళ్లికూతురి నల్ల కిమోనో.

"పన్నెండు రోజుల్లో కావాలి. కుట్లను అంత బాగా చదివే చేతికే ఇవ్వాలి కదా ఇలాంటి పని. ఒక్క కుట్టు వంకర పోయినా…"

"ఒక్క కుట్టు వంకర పోతే మీ కొట్టుకే కాదు, ఈ కనజావా ఊళ్లో ఇంకెవరికీ కుట్టను. సూది కింద పెట్టేస్తాను," అంది కివా. "ఇంకో చెయ్యి దాని మీద పడదు కూడా. సరేనా?"

అందరూ విన్నారు. బట్టను చంకన పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, గెలిచిన మనిషి నడిచినట్టు నడిచి వెళ్లిపోయింది.

*

మర్నాడు కొట్టుకు సెలవు. హిసా పొద్దున్నే ఏరు దాటి, కివా ఉండే సందు వెతుక్కుంటూ వెళ్లింది. ఆ సందులో ఎవరిని అడిగినా చెబుతారు. చెబుతూ నవ్వుతారు కూడా. చేపలవాడు, "కివాసాన్ ఇల్లా? జాగ్రత్త తల్లీ, నిన్న నా చేపకు కళ్లు సరిగా లేవని నన్ను కడిగి పారేసింది," అన్నాడు.

గుమ్మంలో నిలబడగానే హిసా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది: "పెద్దమ్మగారూ, ఆ ఎడమ చెయ్యి నేనే కుట్టాను."

"తెలుసు. పళ్లెం మోగించావుగా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నీ పేరు చెబితే ఒకుదా నిన్ను తిట్టి తప్పించుకునేవాడు. నాకు కావలసింది గెలవడం. నీ మీద జాలేం కాదు, మురిసిపోకు. లోపలికి రా, చలి లోపలికి వస్తోంది."

కివా పుట్టింది నోటో సముద్రతీరాన చేపలు పట్టేవాళ్లింట్లో. బడికి పోయింది రెండు చలికాలాలు, అదీ బడి ముందు మంచు తొయ్యడానికి మనుషులు కావాలంటే. పన్నెండో ఏట ఈ ఊళ్లో కుట్టుపనికి చేరింది. ఇరవయ్యో ఏట ఒక పెళ్లిచూపులాయన వస్తే, ఆయన వేసుకున్న పంట్లం పక్క కుట్టు తిరగబడి ఉందని, మాట కూడా వినకుండా పంపించేసింది. తర్వాత బంగారు రేకు కొట్టే ఎయిజో అనే మనిషిని చేసుకుంది. "ఆయన పగలంతా సుత్తితో టకటక, నేను పక్కన సూదితో చడీచప్పుడు లేకుండా. సంసారం అంటే అదే. ఒకళ్లు చప్పుడు చెయ్యాలి," అనేది. ఆయన పోయి పద్దెనిమిదేళ్లు. యుద్ధంలో పట్టు దొరకనప్పుడు సైనికుల సంచులు కుట్టింది. యుద్ధం తర్వాత ఊళ్లోకి కుట్టుమిషన్లు వస్తే, ఒకదాని ముందు కూర్చుని కాసేపు చూసి, "పరిగెత్తుతోంది గానీ ఎక్కడికి పోతోందో దానికి తెలీదు," అని లేచి వచ్చేసింది.

ఆ పొద్దున హిసాను కూర్చోబెట్టి, చేతికి పాత గుడ్డ ఒకటి ఇచ్చి, "కుట్టు," అంది.

"వేలు కొలవాలి కదండీ?"

"చలిలో నడిచి వచ్చావు. ఇప్పుడు నీ వేలు కొలిస్తే అది నీ వేలు కాదు, మంచు వేలు. స్నానం చేసి వచ్చినప్పుడు కొలిస్తే ఉబ్బిన వేలు. కుండలో అన్నం ఉడికేంతసేపు కుట్టు. కుట్టే వేలు అప్పుడు బయటికొస్తుంది. దాన్ని కొలుద్దాం."

అన్నం ఉడికింది. కివా పోస్టుకార్డు లోంచి సన్నని పట్టీ కత్తిరించి, హిసా నడిమివేలికి పై కణుపుకీ నడి కణుపుకీ మధ్య చుట్టింది. "చెయ్యి కిందికి వేలాడదియ్యి. విదిలించు. జారిందా? లేదు. ఇప్పుడు వేలు వంచు. నొక్కిందా? లేదు. ఇప్పుడు పట్టీని పైకి లాగుతాను. కణుపు దగ్గర చర్మం ఒక్క ముడత పడి దాటాలి. రెండు ముడతలు పడితే బిగువు. అసలు పడకపోతే ఒకుదా చిటికెనవేలు." పట్టీ ఒకదాని మీద ఒకటి కలిసే చోట గోటితో గీత పెట్టింది. "పెన్సిల్ పెట్టకు. పెన్సిల్ గీతకు లావుంటుంది. లోపల పెట్టే గుడ్డ కోసం ఒక దారమంత కలుపు. తర్వాత పట్టీని మడిచి పది భాగాలు చెయ్యి. ఒక్క భాగం తేడా వచ్చినా పైన రంగు పట్టుదారంతో కుట్టే పొలుసులు చివర కలవవు, మొహాలు తిప్పుకున్న తోడికోడళ్లలా నిలబడతాయి."

హిసా ఉబ్బితబ్బిబ్బయిపోయింది. పందొమ్మిదేళ్లకు తన వేలిని ఒకరు పట్టుకుని, ఇది నీ కొలత అని చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. ఏడాది పొడవునా మిగిలిన పట్టుదారం ముక్కలున్న పెట్టె కివా ముందుకు తోసింది. ఆ రోజంతా కూర్చుని, తర్వాత రెండు సాయంత్రాలు కొట్టు కాగానే వచ్చి, హిసా తన తొడుగు తనే చేసుకుంది. కాగితపు కట్టు మీద పట్టు పీచు చుట్టి, దాని మీద ఆకుపచ్చా తెలుపూ పొలుసులు. చివరి పొలుసు మొదటి పొలుసు పక్కకు వచ్చి ముద్దుగా కూర్చుంది. వేలికి పెట్టుకుని పది కుట్లు వేసింది. ఎనిమిదోది ఏడోదానిలాగే ఉంది! తొమ్మిదోది ఎనిమిదోదానిలాగే ఉంది!

"పెద్దమ్మగారూ, చూడండి, చూడండి!"

"చూస్తున్నాను. అరవకు, పక్కింటివాళ్లు మనం చేప కొన్నామనుకుంటారు."

ఆ ఊపులోనే హిసా చెయ్యరాని పని చేసింది. పక్కన మడిచి ఉన్న నల్ల కిమోనో వీపు కుట్టు మీద, నేర్చుకున్న ప్రకారం బొటనవేలు పోనిచ్చింది. సరదాకే. కివా కుట్టు ఎలా ఉంటుందో వేలితో తెలుసుకుందామని. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోది పొడవు.

మళ్లీ పోనిచ్చింది. అయిదోది పొడవు. పదోది పొడవు.

చెప్పాలా వద్దా? చెప్పకపోతే పెళ్లికూతురి వీపు మీద ఈ కుట్టు పోతుంది, ఊరందరి ముందూ కివా సూది కింద పెట్టాలి. 

"పెద్దమ్మగారూ. అయిదోది పొడవు."

కివా వెదురు కొలబద్ద ఎత్తింది. కొడుతుందనే అనుకుంది హిసా. కొట్టలేదు. కొలబద్ద కింద పెట్టి, కుట్టనప్పుడల్లా కుట్టుసంచి కింద దాచుకునే కుడిచెయ్యి ముందుకు చాపింది. నడిమివేలి పై కణుపు రెండు పక్కలా ఉబ్బి ఉంది, తోలు కింద రెండు బఠాణీలు దాక్కున్నట్టు. ఆ కణుపు దాటాలంటే తొడుగు పెద్దది కావాలి. పెద్దదైతే కింద వదులు. లోపల నూలుగుడ్డ ముక్క ఒకటి ఇరికించి ఉంది, చివర బయటికి కనబడుతోంది.

"మూడు రోజులుగా పగలు కుట్టిందంతా మర్నాడు పొద్దున్నే విప్పేస్తున్నాను," అంది కివా. గొంతు మామూలుగానే ఉంది. "ఒకుదాకి వదులు తొడుగు గురించి పాఠం చెప్పి వచ్చినదాని వేలికి ఇది. నవ్వు. నవ్వవేం? నేనైతే నవ్వేదాన్ని."

ఇంకా తొమ్మిది రోజులుంది.

*

రెండు సాయంత్రాలు వాళ్లు ఆ వేలితో చెయ్యని పని లేదు. లోపల దూది పెట్టారు, అది ఉండలు కట్టి ఒక పక్కకు పోయింది. తోలు పట్టీకి తాడు కట్టి బిగించారు, వేలు వంకాయ రంగుకు తిరిగింది. చిన్న తొడుగు చేసి సబ్బు నురగతో కణుపు దాటించబోయారు, దాటలేదు సరికదా సబ్బు పట్టు మీద పడుతుందేమోనని ఇద్దరికీ చెమటలు పట్టాయి. కణుపు పైనే పెట్టుకుని చూస్తే సూది గోటి మీదికి జారింది.

"రేపటి నుంచి పంటితో తోస్తాను సూదిని. పళ్లు ఇంకా పద్నాలుగున్నాయి," అంది కివా.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు వెనక గదిలో పిల్లలు అన్నాలు తింటున్నారు. ఆకాశం నల్లబడి, సముద్రం వైపు నుంచి ఒక్క ఉరుము ఉరిమింది. చలికాలంలో సముద్రపు సీమచేపలను ఒడ్డుకు లేపుకొస్తుందని ఆ ఊరివాళ్లు చెప్పుకునే ఉరుము అది, ఇంటికప్పులు అదిరిపోతాయి. హిసా ఉలిక్కిపడి, చేతిలో ఉన్న చెక్క అన్నండబ్బా మూత గబుక్కున పెట్టేసింది. డబ్బా కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మూత అడ్డంగా పడింది. ఎంత నొక్కినా దిగదు. తిప్పింది, చటుక్కున దిగింది.

మళ్లీ తీసింది. అడ్డంగా పెట్టింది. దిగలేదు. తిప్పింది. దిగింది.

"ఏమైందే దీనికి?" అంది పక్కపిల్ల. "దాని అన్నానికి దయ్యం పట్టినట్టుంది."

హిసా లేచి నిలబడింది. వేలు గుండ్రంగా ఉండదు! కణుపు పక్కల నుంచి లావు, పై నుంచి కిందికి చూస్తే పల్చన! రెండు బఠాణీలూ పక్కలనే కదా ఉన్నాయి! గుండ్రటి తొడుగు ఎందుకు? కోలగా చేస్తే, పక్కలకు పొడవుగా పట్టుకుని కణుపు దాటించి, దాటాక పావువంతు తిప్పేస్తే? అప్పుడు ఇరుకు వైపు వచ్చి పక్కల్ని పట్టుకుంటుంది. కింద ఉన్న మెత్తని కండ మిగతాది నింపేస్తుంది. వెనక్కి రాదు, తిరగదు!

ఒకుదాకు కడుపునొప్పని చెప్పి బయటపడింది. ట్రామ్ కోసం ఆగలేదు. ట్రామ్ ఆమెను దాటిపోతే, దాని వెనకే పరిగెత్తింది. వంతెన మీద చెక్కచెప్పు వారు తెగింది. చెప్పు చేతిలో పట్టుకుని, ఒంటి చెప్పుతో, చినుకుల్లో, పరుగే పరుగు. చేపలవాడు, "ఎవరైనా పోయారా?" అని అరిచాడు.

"పోలేదు! దొరికింది!" అని అరిచింది హిసా.

కివా ముందు అన్నండబ్బా పెట్టి మూత తీసి పెట్టి, తీసి తిప్పి పెట్టి, మాట రాక చేతులతోనే చెప్పింది. కివా మూత వైపు చూసింది. తన వేలి వైపు చూసింది. ఆవిడ ముఖంలో ముడతలన్నీ ఒక్కసారిగా కదిలాయి.

"కొలబద్దలు రెండూ ఇటివ్వు. త్వరగా! ఏం చూస్తున్నావు, పిల్లా? ముందు అన్నం పొయ్యి మీద పెట్టు, వేలు వెచ్చబడాలి!"

అన్నం ఉడికేంతసేపు కివా పాత గుడ్డ కుట్టింది. తర్వాత రెండు కొలబద్దల్ని తలుపుల్లా నిలబెట్టి, మధ్యలో కణుపును పక్కల నుంచి పట్టి ఒక కొలత తీశారు. ఒక కాగితపు పట్టీ మీద గోటిగీత. అదే కణుపును పై నుంచి కిందికి పట్టి ఇంకో కొలత. ఇంకో పట్టీ, ఇంకో గోటిగీత. రెండు పట్టీలూ పక్కపక్కన పెడితే తేడా బియ్యపు గింజంత. ఆ గింజంత తేడాలోనే అంతా ఉంది.

"యాభై ఏళ్లుగా వేలికి ఒకటే కొలత అనుకున్నాను," అంది కివా, "ఎంత పొగరు నాకు!"

కోలగా చుట్టడానికి అచ్చు కావాలి. ఇల్లంతా వెతికారు. ఎయిజో సుత్తి పిడి గుండ్రం, చీపురు కర్ర గుండ్రం, గొడుగు కర్ర గుండ్రం. కివా అన్నం గరిటె తీసి పిడి తడిమింది. కోల! చాకుతో రెండు పక్కలా కాస్త చెక్కితే సరిగ్గా పట్టీల కొలతకు వచ్చింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఇద్దరూ అన్నాన్ని పులుసు గరిటెతోనే వడ్డించుకున్నారు.

తొడుగు కుట్టింది హిసాయే. కివా పక్కన కూర్చుని నోటితో కుట్టింది. "బిగించు. అంత బిగిస్తే కొలత తగ్గుతుంది. వదులు చెయ్యి. అంత వదులు చేస్తే నన్నడగడం దేనికి? నారింజ రంగు దారం కాదు, పండిన నారింజ రంగు." కోల తొడుగుకు పది భాగాలు మడవడం గుండ్రటిదానిలా సులువు కాదు. మొదటిసారి పొలుసులు చివర కలవలేదు. విప్పారు. రెండోసారి మర్నాడు సాయంత్రానికి చివరి పొలుసు దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. సూది దిగింది, దారం లాగింది, నీలం పొలుసు వచ్చి మొదటి పొలుసు అంచుకు ఆనింది. సందు లేదు.

కివా తొడుగు పక్కలకు పొడవుగా పట్టుకుని, కణుపు దాటించింది. ఒక్క ముడత. పావువంతు తిప్పింది. చెయ్యి కిందికి వేలాడదీసి, కుక్క నీళ్లు విదిలించినట్టు విదిలించింది. తొడుగు కదల్లేదు. సూది తీసుకుని గుడ్డ మీద ఇరవై కుట్లు వేసి, హిసా ముందు పడేసింది.

హిసా వేలు పోనిచ్చింది. నాలుగు, అయిదు, ఆరు… పది… పదిహేను… ఇరవై.

"చెప్పవేం?"

హిసా చాప మీద పడి దొర్లుతూ నవ్వేసింది. కివా గట్టిగా ముక్కు చీది, "పొయ్యి దగ్గర దొర్లకు, నల్లపట్టుకు నిప్పంటుకుంటే నేను నిన్నే కుడతాను," అంది.

*

మిగిలింది అయిదు రోజులు. అప్పటిదాకా కుట్టిందంతా విప్పేసి, కివా మొదటి నుంచి మొదలెట్టింది. నలుపు మీద నల్లదారం, పట్టపగలే కళ్లకు ఏమీ కనబడదు. వేలే చూస్తుంది, వేలే కుడుతుంది. హిసా సాయంత్రాలు వచ్చి సూదుల్లో దారం ఎక్కించి వరసగా దిండుకు గుచ్చిపెట్టేది, అన్నం వండేది, బట్ట జోలికి మాత్రం వెళ్లేది కాదు. మూడో రోజు మంచు మొదలైంది. నాలుగో రోజు రాత్రి కివా కింది అంచులో దూది పరిచి కుట్టడం ముగించి, దారం పంటితో కొరికింది. ఆ చప్పుడు విని హిసా ఎగిరి గంతేసింది.

పన్నెండో రోజు పొద్దున కొట్టులో ఆ చాప మీదే నల్ల కిమోనో పరిచారు. యజమానురాలు వచ్చి కూర్చుంది. పెళ్లికూతురి తల్లి వచ్చింది. ఊళ్లో మిగిలిన కుట్టుపనివాళ్లలో సగంమంది ఏదో పని ఉన్నట్టు వచ్చి నిలబడ్డారు. ఒకుదా లోపలి వైపు తిరగేసి, కివాలాగే కళ్లు మూసుకుని బొటనవేలు పోనిచ్చాడు. కళ్లు తెరిచాడు. ఏమీ తెలీలేదని ఆయన ముఖమే చెబుతోంది. అడగడానికి నామోషీ.

"హిసా, నువ్విటు రా," అన్నాడు. "ఈమె దగ్గరికి రోజూ పోతున్నావని విన్నాను. చదవడం నేర్చుకున్నావట కదా? చదువు. అబద్ధం చెప్పావంటే మాత్రం…"

"దానికి అబద్ధం చెప్పడం చేతకాదు ఒకుదాసాన్, అదే దాని గొడవ," అంది కివా.

హిసా కూర్చుంది. వీపు కుట్టు పై నుంచి మొదలెట్టింది. బొటనవేలు కింద గింజలు, గింజలు, గింజలు. అయిదు దాటింది. ఎనిమిది దాటింది. కొట్టులో ఎవరూ టీ తాగడం లేదు. నడుము దాటింది. పొయ్యి మీద కెటిల్ ఒక్కటే మోగుతోంది. కింది అంచు దాకా వచ్చింది. చేతులు రెండూ చదివింది, మెడ చదివింది, పక్కలు చదివింది. కివా మాత్రం గుమ్మం బయట మంచు తొయ్యడం చూస్తోంది, తనకేం సంబంధం లేనట్టు. చెవి మాత్రం ఇటే ఉంది.

"లేదు," అంది హిసా. మళ్లీ గట్టిగా అంది, "వంకర కుట్టు ఒక్కటీ లేదు!"

అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. పెళ్లికూతురి తల్లి నల్లపట్టుకే నమస్కారం పెట్టింది. ఒకుదా ఆఖరి మాటగా, "ఇంకో చెయ్యి పడలేదు కదా?" అన్నాడు.

"బట్ట మీద పడలేదు. వేలి మీద పడింది," అంది కివా. "మీ చిటికెనవేలు కూడా కావాలంటే చెప్పండి, కొలిపిస్తాను."

యజమానురాలు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

బయటికి వచ్చాక ఇద్దరూ మంచులో నడిచారు. కివా ఆ రోజు ట్రామ్ ఎక్కుదామంది, మళ్లీ వద్దంది, నడుస్తూ చూసినవాళ్లందరినీ పలకరించింది. చేపలవాడి దగ్గర సీమచేప పెద్ద ముక్క కోయించుకుని, ఆ చేప కళ్లు బాగున్నాయని మెచ్చుకుంది కూడా. వాడు భయపడిపోయాడు. సందు మలుపులో ఆగి, చలికి ఎర్రబడ్డ కుడిచెయ్యి చాపి, తొడుగును పావువంతు తిప్పి బయటికి తీసి, హిసా అరచేతిలో పెట్టింది.

"విను. ఈ కణుపు ఇక్కడితో ఆగదు. మా అమ్మకూ ఇంతే, ఏటేటా పెరిగింది. ప్రతి ఏడూ మొదటి మంచు పడ్డప్పుడు వచ్చి నా వేలికి రెండు కొలతలూ తియ్యి. కొత్త తొడుగు చేద్దాం, మళ్లీ కుడతాను. కానీ ఒక రోజు వస్తుంది, ఏ కొలతకూ ఈ వేలు దొరకదు. ఆ రోజు వచ్చిందని నాకు తెలీదు, నా బొటనవేలూ ముసల్ది అయిపోతుంది కాబట్టి. ఊళ్లోవాళ్లు చెప్పరు, నా నోటికి భయపడి. యజమానురాలు చెప్పదు, మర్యాద అడ్డొస్తుంది. నువ్వు చెప్పాలి. నా కుట్టు మీద వేలు పోనిచ్చి, ఆ రోజు చెప్పావే, అయిదోది పొడవు అని, అలాగే చెప్పాలి. రేపు చెబుతాననకు. మిఠాయి పట్టుకొచ్చి, టీ పోసి, అటు తిప్పి ఇటు తిప్పి చెప్పకు. నా ముఖం మీదే చెప్పు. చెప్పి, నా చేతిలో సూది నువ్వే తీసుకో."